ఇంజన్ విప్పే ముందు

డీజిల్ స్విఫ్ట్, డిజైర్, రిట్జ్, క్వాడ్రాజెట్ ఇండికా విస్టా, ఫియట్ పుంటో, లీనియా. పేర్లు వేరు, లోపల కూర్చున్న ఇంజన్ ఒక్కటే. ఫియట్ వాళ్ళ 1.3 మల్టీజెట్, 1248 సీసీ. 2003లో పోలండ్‌లో తయారీ మొదలైంది. 2007లో డీజిల్ స్విఫ్ట్‌తో మన ఊళ్ళకు చేరింది. ఇన్ని కంపెనీల బండ్లలో ఇదే కనిపిస్తుండేసరికి మోటారు పత్రికలవాళ్ళు దీన్ని జాతీయ ఇంజన్ అని పిలిచారు. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 కాలుష్య నియమాలు రావడంతో మారుతి డీజిల్ బండ్లు ఆపేసింది. కాబట్టి రోడ్డు మీద మిగిలినవి చాలావరకు వయసు పైబడ్డవే.

ఈ ఇంజన్‌లో కామ్‌షాఫ్ట్‌ను తిప్పేది గొలుసు, అంటే టైమింగ్ చైన్. బండి పాతబడ్డాక ఈ చైన్ చప్పుడు చేస్తుందనే మాట విజయవాడ ఆటోనగర్‌లో ఏ షెడ్డు ముందు నిలబడినా వినపడుతుంది. ఆ మాటను నమ్మక ఇంజన్ పోగొట్టుకున్నవాళ్ళున్నారు. తొందరపడి నమ్మి అనవసరంగా ఇంజన్ విప్పించుకున్నవాళ్ళూ ఉన్నారు. కింది ఇద్దరూ నేను కల్పించిన మనుషులే: రిటైరైన ఫిజిక్స్ మాస్టారు ఒకరు, ఆటోనగర్‌లో షెడ్డు నడిపే మేస్త్రి ఒకరు. వాళ్ళ పట్టుదలలు మాత్రం నేను కల్పించినవి కావు.

మాస్టారు: పొద్దున్నే సెల్ఫ్ కొట్టగానే బెల్టు వైపు నుంచి గలగలమంటోందయ్యా మేస్త్రీ. మూడు నాలుగు సెకన్లుంటుంది, ఆ తర్వాత మాయం. వేరే షెడ్డులో చూపిస్తే బోనెట్ ఎత్తి, కాసేపు చెవి పెట్టి, చైన్ పోయింది, ఇంజన్ దించుదాం అన్నాడు. నువ్వూ ఆ మాటే అనేట్టయితే ఇప్పుడే చెప్పు, బండి తీసుకుని ఇంటికి పోతాను.

మేస్త్రి: కూర్చోండి మాస్టారూ. ఆయన చెప్పింది నిజమే కావచ్చు.

మాస్టారు: కావచ్చంటే కుదరదు. చప్పుడు వినపడింది, ఒప్పుకున్నాను. అది చైన్‌దేనని ఎవరు తేల్చారు? బండితో వచ్చిన పుస్తకం చదివాను. ఆయిల్ ఎప్పుడు మార్చాలో ఉంది, ఫిల్టర్లు ఎప్పుడు మార్చాలో ఉంది. చైన్ ఇన్ని కిలోమీటర్లకు మార్చమని నాకెక్కడా కనపడలేదు.

మేస్త్రి: రబ్బరు బెల్టుకైతే గడువు రాస్తారు, చైన్‌కి రాయరు. రాయలేదు గనక అరగదనుకుంటే ఎలాగండీ? ఆయిల్ వేళకి మారుస్తారన్న నమ్మకంతో రాయలేదు. మీరు బండి కొన్నది సెకండ్ హ్యాండులో. ముందాయన ట్రావెల్స్‌కి తిప్పాడని మీరే అన్నారు. ఆయన ఆయిల్ ఎన్ని వేలకి మార్చాడో మీకు తెలుసా?

మాస్టారు: తెలీదు. సర్వీసు పుస్తకంలో సగం పేజీలు ఖాళీ.

మేస్త్రి: నాకు భయం అక్కడే. ఈ ఇంజన్‌లో పట్టే ఆయిలే మూడు లీటర్ల చిల్లర. అందులో అర లీటరు తగ్గినా తేడా పడుతుంది. పైగా డీజిల్. మసి ఆయిల్‌లో కలవక తప్పదు. కొత్త ఆయిల్ ఆ మసిని ముద్దకట్టకుండా పట్టి ఉంచుతుంది. పాతబడ్డాక దానికి ఆ శక్తి ఉండదు. అప్పుడు మసి చైన్ పిన్నుల మధ్యకి చేరి ఒరుసుకోవడం మొదలుపెడుతుంది.

మాస్టారు: చైన్ సాగిందని అంటారు చూడు, ఆ మాట నాకు మింగుడుపడదు. ఉక్కును అంత సాగదీసే బలం అక్కడెక్కడిది?

మేస్త్రి: వాడుకలో అలా అంటాం గానీ అది సాగదండి, అరుగుతుంది. ప్రతి లింకుకీ ఒక పిన్ను, దాని చుట్టూ బుష్. రెండూ రాసుకుని మధ్యలో వెంట్రుకవాసి ఖాళీ వస్తుంది.

మాస్టారు: ఆగు. వంద లింకులనుకుందాం. ఒక్కోదాని దగ్గర 0.02 మిల్లీమీటర్లు అరిగినా మొత్తం మీద 2 మిల్లీమీటర్లు. అంటే లింకు లింకుగా చూస్తే దోషం కనపడదు, గొలుసు మొత్తాన్ని చూస్తేనే కనపడుతుంది.

మేస్త్రి: అందుకే చైన్‌ని చేత్తో పట్టుకుని బాగానే ఉందనేవాళ్ళ మాట నేను వినను. ఆ వదులు మనకి తెలియకుండా సర్దుతూ వచ్చేది టెన్షనర్. ఆయిల్ ప్రెషర్‌తో ముందుకు పొడుచుకొచ్చే చిన్న పిస్టన్ అది. ఒక గైడ్ పట్టీని చైన్ మీదికి నొక్కి ఉంచుతుంది. రాత్రంతా బండి ఆగి ఉంటే టెన్షనర్‌లోంచి ఆయిల్ జారిపోతుంది. పొద్దున ఇంజన్ తిరిగాక ప్రెషర్ వచ్చేదాకా చైన్ వదులుగా ఊగి గైడ్‌ని కొడుతుంది. మీకు వినపడే గలగల అదే కావచ్చు. కొత్త బండిలో ఒక్క క్షణం ఉండీ లేనట్టుంటుంది. మూడు నాలుగు సెకన్లంటే ఎక్కువే.

మాస్టారు: మరి ఆయిల్ జారిపోతోందంటే చిక్కటి ఆయిల్ పోస్తే సరిపోలేదూ? మా వీధిలో ఒకాయన 20డబ్ల్యూ50 పొయ్యి, చప్పుడు ఉండదన్నాడు. మే నెల్లో విజయవాడ ఎండకి అదే మంచిదట.

మేస్త్రి: బయట ఎండ 45 డిగ్రీలున్నా, వేడెక్కిన ఇంజన్‌లో ఆయిల్ మామూలుగా 90 పైనే ఉంటుంది. ఎండాకాలం వచ్చిందని దానికి కొత్తగా తెలిసేదేమీ లేదు. మీ చప్పుడు చల్లటి ఇంజన్‌లో వస్తోంది. అప్పుడు కావలసింది పలుచగా, గబగబా పైకెక్కే ఆయిల్. చిక్కటిది పోస్తే టెన్షనర్ దాకా పోవడమే ఆలస్యమవుతుంది. వేడెక్కాక కొంచెం అణిగినట్టు అనిపించవచ్చు. పొద్దుటి దెబ్బ మాత్రం ఇంకాస్త ఎక్కువసేపు తగులుతుంది. కంపెనీ 5డబ్ల్యూ30 అని రాస్తే అదే పొయ్యాలి.

మాస్టారు: సరే, ఆయిల్ మాట ఒప్పుకున్నాను. చైన్ మాట ఇంకా ఒప్పుకోలేదు. అంబాసిడర్‌కీ చైనే కదా? మా స్కూలు కమిటీ ప్రెసిడెంటు గారి అంబాసిడర్ ఏళ్ళ తరబడి గలగలమంటూనే తిరిగింది. కొంప మునిగిందేమీ లేదు.

మేస్త్రి: ఆ బండికీ దీనికీ పోలిక పెట్టకండి మాస్టారూ. అంబాసిడర్‌లో కామ్‌షాఫ్ట్ కింద బ్లాకులోనే ఉండేది. క్రాంక్‌కీ దానికీ మధ్య జానెడు దూరం, పొట్టి చైన్. ఇందులో కామ్‌షాఫ్టులు రెండూ హెడ్డు మీదున్నాయి. చైన్ కింద క్రాంక్ నుంచి పైదాకా పోయి రావాలి. డీజిల్ కనక కంప్రెషన్ 17కి పైనే. పిస్టన్ పైకొచ్చినప్పుడు వాల్వుకీ దానికీ మధ్య ఉండే సందు బహు తక్కువ. చైన్ రెండు పళ్ళు దాటిందంటే పిస్టన్ వెళ్ళి వాల్వుని గుద్దుతుంది. ఈ ఇంజన్‌లో చాలాసార్లు ముందు రాకర్లు విరిగి, పిస్టన్లని కాపాడతాయి. ప్రతిసారీ అంత అదృష్టం ఉండదు.

మాస్టారు: భయపెట్టి పని చేయించుకోవడం అంటే ఇదే. ఒకవేళ చప్పుడు వేరేచోటి నుంచి వస్తుంటే? నువ్వు ముందు కవర్ విప్పి, బాగున్న చైన్ తీసి, లోకల్ సామాను వేసి, సరిగా బిగించకపోతే? ఇప్పుడు లేని జబ్బు అప్పుడు వస్తుంది.

మాస్టారి ఈ మాటను తేలిగ్గా తీసిపారెయ్యకూడదని నా అభిప్రాయం. ఈ ఇంజన్ ముందు కవర్ విప్పడం మూత తీసి పెట్టినంత సులువు కాదు. బెల్టు, క్రాంక్ పుల్లీ, ఇంజన్ మౌంటు, కింద ఆయిల్ చాంబర్ అన్నీ ఊడాలి. ఆయిల్ పంపు ఆ కవర్‌లోనే ఉంటుంది. మళ్ళీ మూసేటప్పుడు సీలెంట్ దండిగా పూస్తే లోపలికి పిండుకొచ్చిన ముక్కలు చాంబర్‌లో రాలి స్ట్రెయినర్ జాలీకి అడ్డం పడతాయి. చైన్ బాగుచేయబోయి ఆయిల్ ప్రెషర్ పోగొట్టుకున్న ఇంజన్లు అలా తయారవుతాయి. విప్పకుండా తేల్చుకోగలిగినదంతా ముందు తేల్చుకోవాలని బండి యజమాని పట్టుబట్టడం అతని హక్కు. మంచి మేస్త్రి దానికి నొచ్చుకోడు. ఈ మేస్త్రీ నొచ్చుకోలేదు. బండిని రాత్రికి షెడ్డులోనే ఉంచమన్నాడు, చల్లటి ఇంజన్ మీద తనే విందామని.

మర్నాడు పొద్దున ముందు డిప్‌స్టిక్ తీసి చూశారు. ఆయిల్ కింది గీత దగ్గరుంది, తారులా నల్లగా ఉంది. ఆయిల్ పోసే మూత తిప్పి తీస్తే లోపలివైపు వేలికి అంటుకునే మడ్డి. సెల్ఫ్ కొట్టారు.

మేస్త్రి: విన్నారా? గలగల ఆగినా చప్పుడు పూర్తిగా పోలేదు. ఇప్పుడు వేడెక్కనిచ్చి ఒక్కొక్కటీ కొట్టేసుకుంటూ పోదాం. క్లచ్ తొక్కి పట్టుకోండి. చప్పుడు మారిందా?

మాస్టారు: లేదు.

మేస్త్రి: అయితే క్లచ్ బేరింగ్ కాదు, ఫ్లైవీల్ వైపు అనుమానం తగ్గింది. ఈ పొడుగాటి స్క్రూడ్రైవర్ మొనని ఇంజన్‌కి ఆనించి, పిడి చెవి దగ్గర పెట్టుకోండి. బెల్టుకి దూరంగా, జాగ్రత్త. పైన వాల్వు కవర్ మీద పెడితే ఏం వినపడుతోంది?

మాస్టారు: సన్నగా టిక్కుటిక్కుమంటోంది.

మేస్త్రి: పైన ట్యాపెట్ పక్క చప్పుడు మామూలుగా అంత సన్నగానే ఉంటుంది. క్రాంక్ రెండు చుట్లు తిరిగితే కామ్ ఒక్క చుట్టే కదా, అందుకే నిదానంగా కూడా ఉంటుంది. ఇంజెక్టర్ దెబ్బయితే టంగుటంగుమని గట్టిగా, రేజ్ చేసేకొద్దీ పెరుగుతుంది. ఇంజెక్టర్ మొదట్లో గ్యాస్ లీకవుతుంటే బుస్సుమంటూ చుట్టూ నల్లటి బొగ్గు పేరుకుంటుంది. మీ బండికి అక్కడ శుభ్రంగా ఉంది. ఇప్పుడు బెల్టు వైపు కవర్ మీద పెట్టండి.

మాస్టారు: ఇక్కడ వేరు. గరగరమని రాసుకుంటున్నట్టుంది. కానీ ఆల్టర్నేటర్ కూడా ఈ పక్కనే ఉంది కదా? దాని బేరింగ్ అయితే?

మేస్త్రి: అదే తేలుద్దాం. ఆపేసి బెల్టు ఊడదీశాను. ఇప్పుడు నీళ్ళ పంపు తిరగదు, ఆల్టర్నేటర్ తిరగదు, ఏసీ తిరగదు. కొద్ది సెకన్లే నడుపుతాను, లేకపోతే ఇంజన్ వేడెక్కుతుంది. ఊఁ, వినండి.

మాస్టారు: పోలేదు. గరగర అలాగే ఉంది.

మేస్త్రి: పోయి ఉంటే బేరింగో పుల్లీయో మార్చి మిమ్మల్ని పంపేసేవాణ్ణి. చైన్ పేరు చెప్పి ఇంజన్ విప్పించిన కేసుల్లో కొన్ని ఈ బెల్టు ఒక్కటి తీసి చూస్తే తేలిపోయేవే. బాధేస్తుంది నాకు.

మాస్టారు: స్కానర్ పెట్టవా? అది చెప్తుంది కదా.

మేస్త్రి: పెట్టాను. కోడ్ ఏమీ లేదు. క్రాంక్, కామ్ సెన్సార్ల లెక్క బాగా తప్పితే పి0016 లాంటి కోడ్ వస్తుంది. రాలేదంటే చైన్ బాగుందని కాదు, కంప్యూటర్ గోల పెట్టేంత దూరం ఇంకా పోలేదని. ఆయిల్ ప్రెషర్ కూడా చూశాను. స్విచ్ ఊడదీసి ఆ చోట గేజ్ పెట్టాను. వేడి మీద ఐడిలింగ్‌లో ఒక బార్ దాటి ఉంది, రేజ్ చేస్తే పెరుగుతోంది. పంపు బతికే ఉంది. ప్రెషరే లేకపోతే కొత్త చైన్ వేసినా దండగే, అందుకని అది ముందు చూడాలి.

మాస్టారు: మొత్తానికి నీ దగ్గరున్నవి ఒక చప్పుడు, దాని చోటు, పాత ఆయిల్. బలమైన అనుమానమే. ఇంకా రుజువు కాదు.

మేస్త్రి: రుజువు ఇదిగో. ఈ రెండూ లాకింగ్ పిన్నులు. ఒకటి ఫ్లైవీల్ దగ్గర దూరి క్రాంక్‌ని ఒక్కచోట ఆపుతుంది. ఇంకోటి పైన కామ్ హౌసింగ్‌లోంచి కామ్‌షాఫ్ట్ గాడిలో దిగుతుంది. టైమింగ్ కరెక్టుగా ఉంటే రెండూ ఒకేసారి దిగాలి. ముందు కవర్ విప్పక్కర్లేదు. పానా మీరే తిప్పండి.

మాస్టారు: తిప్పాను. కింది పిన్ను పడింది. పైది... పడటం లేదు. గాడి అంచు కనపడుతోంది, కొంచెం పక్కకి ఉంది. నేనే ఎక్కువ తిప్పానేమో, వెనక్కి తిప్పనా?

మేస్త్రి: వద్దు వద్దు! వెనక్కి తిప్పితే చైన్ వదులు రెండో పక్కకి పోతుంది. అప్పుడు కొలత తప్పు. ఏటవాలులో గేర్ మీదే నమ్మకం పెట్టి బండి ఆపొద్దని చెప్పేదీ అందుకే, వెనక్కి జారితే ఇంజన్ ఎదురు తిరుగుతుంది. పిన్ను తీసి ముందుకే ఇంకో రెండు చుట్లు తిప్పి మళ్ళీ చూడండి.

మాస్టారు: మళ్ళీ అంతే. కామ్ వెనకబడే ఉంది. సరే. కానీ ఇంకో దారి ఉంది. ముందెవరో దీన్ని విప్పి, తప్పుగా బిగించి ఉంటే? అప్పుడు చైన్ అరక్కపోయినా పిన్ను పడదు కదా.

మేస్త్రి: ఆ మాట అడిగినవాళ్ళు నాకు ఇంతవరకు తగల్లేదు. లైటు పట్టుకోండి. ముందు కవర్ అంచున సీలెంట్ గీత చూడండి, చుట్టూ ఒకే మందంలో సన్నగా ఉంది. బోల్టుల తలల మీద పానా గాట్లు లేవు. కంపెనీలో మూసిన తర్వాత ఎవరూ ముట్టుకోలేదు. కాబట్టి ఇది అరుగుదలే.

మాస్టారు: ఒప్పుకుంటున్నాను. చైన్ అరిగింది. అయితే టెన్షనర్ ఒక్కటి మార్చు. వదులు అది లాగేసుకుంటుంది, చప్పుడు పోతుంది. నేను తిరిగేదెంత, పెళ్ళిళ్ళకీ ఆస్పత్రికీ తప్ప బండి తియ్యను. బండి అమ్మితే వచ్చే డబ్బు ఎంతని దాని మీద ఇంత ఖర్చు?

మేస్త్రి: ఆ పని నా చేత చేయించకండి. చప్పుడు పోతుంది, నిజమే. కామ్ వెనకబడింది వెనకబడినట్టే ఉంటుంది. వాల్వులు ఆలస్యంగా తెరుచుకుంటాయి, పొగ పెరుగుతుంది, లాగుడు తగ్గుతుంది. ఇప్పుడు మిమ్మల్ని ఇక్కడికి తీసుకొచ్చింది ఆ గలగలే కదా. దాన్ని నొక్కేస్తే ఈసారి మీకు చెప్పేవాళ్ళుండరు. ఇదిగో, ఇంకో బండిలోంచి తీసిన గైడ్. చూడండి.

ఆ గైడ్‌ను చూసిన తర్వాత మాస్టారు కాసేపు మాట్లాడలేదు. అరచేతి కన్నా పొడుగున్న ప్లాస్టిక్ పట్టీ. ఒకప్పుడు గంధం రంగు, ఇప్పుడు కాలిన గోధుమ రంగు. చైన్ నడిచిన దారిలో రెండు గాళ్ళు గోరు దిగేంత లోతున పడ్డాయి. ఒక చివర పెళుసెక్కి విరిగిపోయింది. విరిగిన ముక్క ఆ బండి ఆయిల్ చాంబర్‌లో, జాలీకి అతుక్కుని దొరికిందట. టెన్షనర్ మాత్రం మార్చి మూసేసి ఉంటే ఆ ముక్క అక్కడే ఉండిపోయేది. పిన్ను దిగలేదని తెలిశాక నా మొగ్గు పూర్తిగా మేస్త్రి వైపే. అరుగుదల రుజువయ్యాక సగం రిపేరు చేయడం, అసలు చేయకపోవడం కన్నా చెడ్డది. కనీసం చేయనప్పుడు ఆ బండివాడికి భయమైనా ఉంటుంది.

మాస్టారు: గైడ్లు మార్చు. చైన్, టెన్షనర్ మార్చు. పళ్ళ చక్రాలు ఎందుకు? అవి దిట్టమైన ఉక్కు.

మేస్త్రి: సైకిల్‌కి అరిగిన పళ్ళ మీద కొత్త చైన్ వేస్తే ఏమవుతుందో మీకు తెలియనిదా? విప్పాక చూద్దాం. పన్ను రెండు పక్కలా సమంగా ఉంటే పైది ఉంచుదాం. ఒక పక్కకి కొక్కెంలా వంగి ఉంటే మార్చాల్సిందే. క్రాంక్ దగ్గరి చిన్న చక్రం మాత్రం చూడకుండానే మార్చేస్తాను. రెండు రెట్లు తిరిగేది అదే, ముందు అరిగేదీ అదే. ఈ పని కోసం ఇంజన్ దించను. కింద సపోర్టు పెట్టి బండిలోనే చేస్తాను.

మాస్టారు: పెద్ద చక్రం నా కళ్ళతో చూసే దాకా ఒప్పుకోను. ఇక పని ఎలా చేస్తావో కూడా చెప్పు.

మేస్త్రి: రెండు పిన్నులు లేకుండా బోల్టు ముట్టుకోను. పెయింట్ గుర్తులు పెట్టుకుని చేసేవాళ్ళున్నారు. అరిగిన చైన్ మీద గుర్తు పెడితే ఆ తప్పునే కొత్త చైన్‌కి దించినట్టవుతుంది. కామ్ బోల్టు బిగించేటప్పుడు పిన్ను మీద బలం పడనివ్వను, చక్రాన్ని వేరే టూల్‌తో పట్టుకుంటాను. చాంబర్ కడిగి జాలీ చూస్తాను. సీలెంట్ సన్నటి గీతే. మూసే ముందు చేత్తో రెండు చుట్లు తిప్పి పిన్నులు మళ్ళీ దిగుతున్నాయో లేదో చూస్తాను. అన్నీ అయ్యాక ఇంజెక్టర్ల కనెక్టర్లు పీకి, ఆయిల్ లైటు ఆరేదాకా ఉత్త సెల్ఫ్ కొడతాను. ప్రెషర్ రాకుండా కొత్త చైన్ మీద ఇంజన్ స్టార్ట్ చెయ్యను. వెయ్యి కిలోమీటర్లకి ఆ ఆయిల్ పారబోసి కొత్తది పోద్దాం, లోపలి మడ్డి కొంత దాంతో పోతుంది. ఆ తర్వాత ఏడాదికోసారి.

మాస్టారు: ఏడాదికి నేను తిరిగేది మూడు వేలు కూడా ఉండదు. పదివేలని పుస్తకంలో ఉంది కదా.

మేస్త్రి: పదివేలా, ఏడాదా, ఏది ముందొస్తే అది. రెండో మాట ఎవరూ చదవరు. పది నిమిషాలు నడిపి ఆపే బండిలో ఆయిల్ సరిగా వేడెక్కదు, లోపల చేరిన తేమ పోదు. తక్కువ తిరిగే బండి ఆయిల్ తొందరగా చెడటానికి కారణం అదే.

మాస్టారు: దీని మీద నీతో ఇంకోసారి మాట్లాడాలి. ఇప్పటికి పని మొదలుపెట్టు. పాత సామానంతా నాకు ఇవ్వాలి. రెండో సారి పిన్నులు పెట్టేటప్పుడు నేను పక్కనుండాలి.

మేస్త్రి: రేపు మధ్యాహ్నం మూడింటికి రండి. మీరు వచ్చేదాకా కవర్ మూయను.